రాసే ముందు చదవాలి: ప్రోగ్రామింగ్ బోధనపై పరిశోధన ఏం చెబుతోంది?

మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు పూర్తి చేసిన విద్యార్థికి సొంతంగా ఒక ప్రోగ్రామ్ రాయడం వస్తుందా? వస్తుందనే అందరం అనుకుంటాం. 2001లో మైకేల్ మెక్‌క్రాకెన్ నాయకత్వంలో వివిధ దేశాల అధ్యాపకులు కలిసి ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. నాలుగు విశ్వవిద్యాలయాల్లో 216 మంది విద్యార్థులకు ఒక చిన్న కాలిక్యులేటర్ ప్రోగ్రామ్ రాయమని ఇచ్చారు. వీళ్లంతా మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ పాఠాలు విన్నవాళ్లే. 110 మార్కులకు సగటున వచ్చినవి 22.89.

ఒక్క కళాశాలలోనే ఇలా జరిగితే లోపం అక్కడి పిల్లలదో పంతులుదో అనుకోవచ్చు. వేర్వేరు చోట్ల ఒకే రకమైన ఫలితం వచ్చినప్పుడు పాఠం చెప్పే పద్ధతినే ప్రశ్నించాలి. ఆ ప్రశ్న చుట్టూ పెరిగినదే కంప్యూటింగ్ విద్యా పరిశోధన (కంప్యూటర్ పాఠాలు విద్యార్థి బుర్రకు ఎలా ఎక్కుతాయో, ఎక్కడ ఆగిపోతాయో కొలిచి చూసే శాస్త్రం). ఇది కొత్తది కాదు. ఈ విషయం మీద అమెరికాలో సిగ్‌సీఎస్‌ఈ సదస్సు 1970లోనే మొదలైంది. అన్నేళ్ల పని మన తరగతి గదుల దాకా రావడమే ఆలస్యమవుతోంది.

చిక్కు ఎక్కడ మొదలవుతుంది?

మూడు వరుసల ప్రోగ్రామ్ ఒకటి చూద్దాం.

క = 10
గ = 20
క = గ

ఇక్కడ క, గ అనేవి వేరియబుల్స్ (విలువను దాచుకునే చోట్లు). మూడో వరుస నడిచాక వాటిలో ఏముంటుంది? పదో తరగతి దాకా లెక్కలు చదివిన విద్యార్థికి ఆ ‘=’ గుర్తు ‘రెండు వైపులా సమానం’ అనే అర్థంలోనే తెలుసు. అందుకే కొందరు రెండు విలువలూ చోట్లు మారతాయని అనుకుంటారు. కొందరు గ లోని 20 క లోకి వెళ్లిపోయి గ ఖాళీ అవుతుందని అనుకుంటారు. ఇంకొందరు ఇకపై గ మారితే క కూడా దానంతటదే మారుతుందని నమ్ముతారు. నిజానికి జరిగేది నకలు తీయడం. గ లో ఉన్న 20 అక్కడే ఉంటుంది. క లోని 10 చెరిగిపోయి 20 వస్తుంది. ఆ తర్వాత గ ను 30 చేసినా క 20గానే ఉంటుంది.

తప్పు జవాబు చెప్పిన విద్యార్థి ఆలోచించలేదని కాదు. తనకు తెలిసిన లెక్కల సూత్రంతో సక్రమంగానే ఆలోచించాడు. ఆ సూత్రం ఇక్కడ చెల్లదని అతనికి ఎవరూ చూపించలేదు. బ్రిటన్ పరిశోధకుడు బెనెడిక్ట్ డు బూలే 1980లలో ఈ ఖాళీని నింపేదానికి పేరు పెట్టారు. విద్యార్థికి ముందుగా కావలసింది నోషనల్ మెషిన్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు యంత్రం లోపల ఏం జరుగుతుందో చూపే ఊహాత్మక నమూనా) అన్నారాయన. అది మనసులో సరిగా లేకుండా భాషా నియమాలు ఎన్ని నేర్పినా నిలవవు.

1986లో రాయ్ పీ అనే పరిశోధకుడు ఇంకో విషయం గమనించారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు కంప్యూటర్‌లో ఒక మనిషి లాంటి బుద్ధి దాగి ఉందని తెలియకుండానే నమ్ముతారు. తమ ఉద్దేశం దానికి అర్థమవుతుందని భావిస్తారు. మనుషులతో మాట్లాడేటప్పుడు సగం చెబితే మిగతా సగం ఎదుటివారు పూరించుకుంటారు. యంత్రం రాసినదే చేస్తుంది, రాసిన వరుసలోనే చేస్తుంది. ఏ భాషలో ప్రోగ్రామ్ రాసినా ఈ పొరపాటు కనిపిస్తుంది. కాబట్టి సీ బదులు పైథాన్ పెట్టినంత మాత్రాన ఇది పోదు.

చదవడం రానిదే రాయడం రాదు

మెక్‌క్రాకెన్ ఫలితానికి మొదట ఒక వివరణ వచ్చింది: విద్యార్థులకు సమస్యను ముక్కలుగా విడగొట్టడం రావడం లేదు. ఆస్ట్రేలియా పరిశోధకుడు రేమండ్ లిస్టర్‌కు అంతకంటే ముందు మెట్టు మీద అనుమానం వచ్చింది. 2004లో ఆయన బృందం ఏడు దేశాల విద్యార్థులకు 12 బహుళైచ్ఛిక ప్రశ్నలు ఇచ్చింది. వాటిలో ప్రోగ్రామ్ రాసే పని లేదు. ఇచ్చిన చిన్న ప్రోగ్రామ్‌ను చదివి, చివరికి ఏ విలువ వస్తుందో చెప్పాలి, లేదా ఖాళీలో ఏ వరుస సరిపోతుందో ఎంచాలి. చాలామంది అక్కడే తడబడ్డారు. రాయలేకపోవడానికి ముందు వాళ్లకు చదవడమే సరిగా రాలేదు.

ఇలా ఒక్కో వరుసా నడుపుతూ వేరియబుల్ విలువలు కాగితం మీద రాసుకుంటూ పోవడాన్ని ట్రేసింగ్ (యంత్రం చేసే పనిని మనమే చేత్తో చేసి చూడడం) అంటారు. దీని పై మెట్టు వివరించడం. ఉదాహరణకు ఒక లూప్ (అదే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగం) సంఖ్యల జాబితాలో ఒక్కొక్కదాన్నీ తీసి, చేతిలో ఉన్నదానికన్నా పెద్దదైతే దాన్ని ఉంచుకుంటోంది. ఇది ఏం చేస్తోందని అడిగితే కొందరు ప్రతి వరుసనూ అప్పజెబుతారు. అర్థమైన విద్యార్థి ‘జాబితాలో అన్నిటికన్నా పెద్ద సంఖ్యను కనుక్కుంటుంది’ అని ఒక్క వాక్యంలో చెబుతాడు.

న్యూజిలాండ్ విద్యార్థుల పరీక్షా పత్రాలను విశ్లేషించి లిస్టర్, ఆయన సహచరులు 2008లో ఒక సంగతి చూపారు. ట్రేసింగ్, వివరించడం బాగా వచ్చినవాళ్లకే రాయడంలోనూ మంచి మార్కులు వచ్చాయి. ఒకటి ఇంకోదానికి కారణమని ఈ ఒక్క లెక్కతో తేల్చలేం. కానీ నేర్పే క్రమం ఎలా ఉండాలో ఇది సూచిస్తోంది. కథ చదవడం రాని పిల్లవాణ్ణి కథ రాయమని ఎవరమూ అడగం. ప్రోగ్రామింగ్‌లో మాత్రం రెండో వారం నుంచే ‘ప్రోగ్రామ్ రాయుము’ అంటాం.

ముందు చదవడం, తర్వాత రాయడం అనడం వెనుక మనసు పనిచేసే తీరు ఉంది. మనిషి ఒక్కసారి బుర్రలో పట్టి ఉంచగలిగేవి కొన్నే. అనుభవం లేని విద్యార్థి ప్రోగ్రామ్ రాసేటప్పుడు సెమీకోలన్ ఎక్కడ పెట్టాలో, వేరియబుల్‌లో ఇప్పుడు ఎంత ఉందో, అసలు సమస్యకు పరిష్కారమేమిటో అన్నీ ఒకేసారి పట్టుకోవాలి. ఆ బరువుకు నేర్చుకోవడమే ఆగిపోతుంది. మొదట్లో సొంతంగా సాధించడం కన్నా, సాధించి చూపిన లెక్కలను శ్రద్ధగా చదవడం వల్ల ఎక్కువ నేర్చుకుంటారని ఆస్ట్రేలియా మనస్తత్వ పరిశోధకుడు జాన్ స్వెల్లర్ 1980లలోనే చూపారు.

విడివిడిగా వచ్చినా కలపడం రాదు

యేల్ విశ్వవిద్యాలయంలో ఎలియట్ సోలోవే ఇచ్చిన ఒక చిన్న లెక్క ఈ రంగంలో చాలా పేరు పొందింది. వర్షపాతం అంకెలు ఒక్కొక్కటిగా తీసుకోవాలి. 99999 రాగానే ఆపాలి. అప్పటిదాకా వచ్చినవాటి సగటు చెప్పాలి. మొదటి కోర్సు విద్యార్థుల్లో నూటికి 14 మంది మాత్రమే దీన్ని సరిగా చేయగలిగారు.

ఇందులో కొత్త సూత్రమేమీ లేదు. కూడడం తెలుసు, లెక్కపెట్టడం తెలుసు, లూప్ తెలుసు. కష్టమంతా వాటిని అతకడంలో ఉంది. 99999ని కూడా కూడేస్తే సగటు తప్పవుతుంది. మొదటి అంకే 99999 అయితే సున్నాతో భాగించాల్సి వస్తుంది. పాఠ్యపుస్తకంలో ‘ఇఫ్’ ఒక అధ్యాయం, ‘ఫర్’ ఒక అధ్యాయం ఉంటాయి. ‘వచ్చినవన్నీ కూడుతూ పోవడం’, ‘గుర్తు రాగానే ఆగడం’ లాంటి పనుల నమూనాలకు, వాటిని అల్లే పద్ధతికి అధ్యాయం ఉండదు. అనుభవజ్ఞుల బుర్రలో ఉండేవి ఈ నమూనాలేనని, వాటిని పైకి చెప్పి నేర్పాలని సోలోవే వాదించారు.

‘లాజిక్ లేదు’ అనే తీర్పు

ఇన్ని చిక్కులు కళ్లెదుట ఉన్నా, ‘వాడికి లాజిక్ లేదు’ అనే మాట మన కళాశాలల్లో తేలిగ్గా వినిపిస్తుంది. ప్రోగ్రామింగ్ కొందరికి పుట్టుకతోనే వస్తుందని, మిగతావాళ్లకు ఎంత చెప్పినా రాదని నమ్మకం. 2006లో బ్రిటన్‌లోని మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయంలో సయీద్ దెహ్నాదీ, రిచర్డ్ బోర్నాట్ రాసిన ఒక పత్రం ఈ నమ్మకానికి బలమిచ్చింది. పైన చూసిన ‘క = గ’ లాంటి ప్రశ్నలతోనే, పాఠాలు మొదలవకముందే ఎవరికి వస్తుందో ఎవరికి రాదో తేల్చవచ్చని అందులో అన్నారు. అది ఎంతగానో ప్రచారమైంది. 2014లో బోర్నాటే ఆ వాదనను ఉపసంహరించుకున్నారు.

తర్వాత ఎలిజబెత్ పటిట్సాస్, ఆమె సహచరులు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో 778 కోర్సు ఫలితాల పట్టికలు తీసుకుని చూశారు. తరగతి నిజంగా ‘వచ్చినవాళ్లు, రానివాళ్లు’ అని చీలిపోతే మార్కుల పటంలో రెండు గుట్టలు కనబడాలి. అలా కనబడినవి 5.8 శాతమే. మిగతావాటిలో చాలావరకు మార్కులు మామూలుగానే మధ్యలో ఎక్కువగా, అంచుల్లో తక్కువగా ఉన్నాయి. అస్పష్టంగా ఉన్న పటాలను అధ్యాపకులకు చూపినప్పుడు, ప్రతిభ పుట్టుకతో వస్తుందని నమ్మేవాళ్లకు రెండు గుట్టలు ఎక్కువగా కనబడ్డాయి.

ఈ నమ్మకం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. వెనకబడిన విద్యార్థికి రాదని ముందే తేల్చుకున్నాక, పాఠం మార్చి చూడాలన్న ఆలోచనే రాదు. ఇంట్లో కంప్యూటర్ లేకపోవడం, ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదవడం, ప్రశ్న అడగడానికి జంకడం ఇవన్నీ ‘లాజిక్ లేకపోవడం’గా లెక్కకొస్తాయి.

పని చేసిన పద్ధతులు

మొదటిది పీర్ ఇన్‌స్ట్రక్షన్ (తోటి విద్యార్థులతో చర్చించి నేర్చుకోవడం). హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మాజుర్ దీన్ని రూపొందించారు. పంతులు ఒక ప్రశ్న వేస్తారు. విద్యార్థి ఒంటరిగా ఆలోచించి జవాబు ఎంచుకుంటాడు. తర్వాత పక్కవాళ్లతో వాదించి మళ్లీ ఎంచుకుంటాడు. చివరికి పంతులు వివరిస్తారు. మనసులో తప్పు నమూనా ఏదైనా ఉంటే అది ఆ వాదనలోనే బయటపడుతుంది. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లియో పోర్టర్, సింథియా లీ, బెత్ సైమన్ నాలుగు కంప్యూటర్ కోర్సుల్లో ఏళ్ల తరబడి వచ్చిన ఫలితాలు చూశారు. ఈ పద్ధతి వాడిన తరగతుల్లో తప్పినవారు సగటున 20 శాతం నుంచి 7 శాతానికి తగ్గారు.

రెండోది పార్సన్స్ ప్రాబ్లమ్స్ (సరైన వరుసలనే కలగాపులగం చేసి ఇచ్చి, క్రమంలో పేర్చమనే అభ్యాసాలు). న్యూజిలాండ్‌లో డేల్ పార్సన్స్, పాట్రిషియా హేడెన్ 2006లో వీటిని ప్రతిపాదించారు. అక్షరదోషాల బెడద తగ్గి, విద్యార్థి దృష్టి క్రమం మీదే నిలుస్తుంది. అమెరికాలో బార్బరా ఎరిక్సన్ బృందం 2017లో వీటిని ప్రోగ్రామ్ రాయించే అభ్యాసాలతో పోల్చి చూసింది. పేర్చడానికి తక్కువ సమయం పట్టింది. నేర్చుకున్నది మాత్రం మొదటి నుంచి రాసినవాళ్లతో సమానంగానే ఉంది.

మూడోది కంటికి చూపడం. ఫిలిప్ గువో 2010లో తయారుచేసిన పైథాన్ ట్యూటర్‌లో ఒక్కో వరుస నడుస్తుంటే వేరియబుల్స్‌లో ఏది ఎలా మారుతోందో బొమ్మగా కనిపిస్తుంది. అది ఉచితం. అది లేకపోయినా నల్లబల్ల మీద గళ్లు గీసి అదే పని చేయవచ్చు.

ఇప్పుడెందుకు ముఖ్యం?

2022లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మొదటి కోర్సు పరీక్షా ప్రశ్నలను కోడెక్స్ అనే కృత్రిమ మేధకు ఇచ్చారు. 71 మంది విద్యార్థులతో పోల్చితే దానికి 17వ స్థానం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన సాధనాలు ఇంకా మెరుగైనవి. చిన్న ప్రోగ్రామ్‌లు ఇప్పుడు అడగ్గానే వస్తున్నాయి.

అలాగని ప్రోగ్రామింగ్ నేర్చుకోనక్కర్లేదని కాదు. యంత్రం రాసి ఇచ్చినది సరైనదా కాదా తేల్చాలంటే దాన్ని చదవాలి, ట్రేస్ చేయాలి, ఎక్కడ తప్పుతుందో ఊహించాలి. చదవడమనే మెట్టును ఇన్నాళ్లూ దాటేశాం. ఇక అదే అసలు పనిగా మారుతోంది. అది రాని విద్యార్థికి తప్పు జవాబు కూడా సరైన జవాబులాగే కనిపిస్తుంది.

మన ల్యాబ్‌ల తీరు ఇక్కడే గుర్తుకు రావాలి. ప్రైమ్ నంబర్, పాలిండ్రోమ్, ఫిబొనాచీ ప్రోగ్రామ్‌లు ఏటా అవే ఉంటాయి. చాలాచోట్ల రికార్డు పాత రికార్డు నుంచి వస్తుంది, వైవా బట్టీతో గడిచిపోతుంది. ఇదంతా రాసే పనినే కొలుస్తుంది, అదీ చూసి రాసే పనిని. దీన్ని మార్చడానికి కొత్త సిలబస్ కోసం ఎదురు చూడనక్కర్లేదు. అదే ప్రైమ్ నంబర్ ప్రోగ్రామ్‌లో ఒక వరుస మార్చి ఇచ్చి ‘ఇప్పుడు ఏ సంఖ్యకు తప్పు జవాబు వస్తుంది?’ అని వైవాలో అడగవచ్చు. రికార్డులో ప్రతి ప్రోగ్రామ్ కింద ఒక ట్రేస్ పట్టిక, అది ఏం చేస్తుందో చెప్పే ఒక వాక్యం రాయించవచ్చు.

ఆ వాక్యం తెలుగులో రాసినా ఒప్పుకోవాలి. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు ప్రోగ్రామింగ్ ఎలా నేర్చుకుంటున్నారో గువో 2018లో 86 దేశాలకు చెందిన 840 మందిని అడిగి తెలుసుకున్నారు. భాషను, ప్రోగ్రామింగ్‌ను ఒకేసారి నేర్చుకోవలసి రావడం వాళ్లు చెప్పుకున్న కష్టాల్లో ఒకటి. లూప్ ఏం చేస్తుందో తెలుగులో చెప్పగలిగిన విద్యార్థికి లూప్ వచ్చినట్టే. అతనికి ఇంకా రావలసింది ఇంగ్లిష్. ఈ రెండింటినీ వేరు చేసి చూడగలిగితే, ఏది నేర్పాలో పంతులుకు తెలుస్తుంది. తనకు రానిది ఏమిటో, వచ్చినది ఏమిటో విద్యార్థికీ తెలుస్తుంది.