ఒకే పెరడు, రెండు గూళ్లు

నార్సింగి దాటి శంకర్‌పల్లి రోడ్డు పట్టుకుంటే మోకిల దాకా రెండు రకాల ఊళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకవైపు ప్రహరీ గోడల వెనక విల్లాల వరుసలు. ఇంకోవైపు తెల్లారగానే గంప ఎత్తి కోళ్లను వాకిట్లోకి వదిలే పాత ఇళ్లు. 2023 ఆగస్టులో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) మోకిలలో ప్లాట్లు వేలం వేసింది. అటు మొయినాబాద్ వైపు గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలను కట్టడి చేయడంతో తోటలూ ఫామ్‌హౌస్‌లూ మిగిలాయి. నగరంలోని అపార్టుమెంట్ల నుంచి ఇటు వచ్చినవాళ్లకు చాలా ఏళ్ల తర్వాత పెరడు దొరికింది. పెరట్లోకి ముందు నాలుగు కోళ్లు వస్తాయి. అవి అలవాటయ్యాక పిల్లలు కుందేలు కావాలంటారు.

అప్పుడు పెద్దవాళ్లకు తోచే మొదటి ఆలోచన, కోళ్ల గూడు ఎలాగూ ఉంది కదా, కుందేలునూ అందులోనే ఉంచితే పోలా అని. అలా ఉంచకూడదు. కోళ్లూ కుందేలూ ఒకే పెరట్లో హాయిగా బతకగలవు కానీ, ఒకే గూట్లో ఉంచితే ఎక్కువగా నష్టపోయేది కుందేలే.

మేత దగ్గరే మొదటి ప్రమాదం

కోడి గింజలూ పురుగులూ తిని బతికే పక్షి. గట్టి గింజను కూడా కందనకాయలో నూరుకుంటుంది. కుందేలు గడ్డి మీద బతికే జీవి. దాని పేగుల్లో అంధనాళం అనే పెద్ద సంచి ఉంటుంది. అందులోని సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి పోషకాలుగా మారుస్తాయి. అలా తయారైన మెత్తటి ముద్దలను కుందేలు విసర్జిస్తూనే నోటితో అందుకుని మళ్లీ తింటుంది. కొత్తగా పెంచేవాళ్లు అది చూసి కంగారు పడతారు గానీ అది జబ్బు కాదు, కుందేలు జీర్ణక్రియలో భాగమే.

మేతలో పీచు తగ్గి పిండిపదార్థం పెరిగితే ఆ సూక్ష్మజీవుల పొందిక చెదిరిపోతుంది. కడుపులో గ్యాస్ పట్టి పేగుల కదలిక ఆగిపోతుంది. కుందేలు వాంతి చేసుకోలేదు. తినడం మానేసి, పన్నెండు గంటలపాటు పెంటికలు వేయలేదంటే మర్నాటి దాకా ఆగకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

కోళ్ల దాణా కుందేలుకు పడకపోవడానికి ఇంకో కారణం కాల్షియం. గుడ్డు పెంకు గట్టిగా ఉండాలని గుడ్ల కోళ్ల దాణాలో 3.5 నుంచి 4 శాతం దాకా కాల్షియం కలుపుతారు. పెద్ద కుందేలుకు ఒక శాతం లోపే చాలు. చాలా జంతువుల పేగులు ఒంటికి కావలసినంత కాల్షియాన్నే తీసుకుంటాయి. కుందేలు మాత్రం మేతలో ఉన్నదాన్ని ఉన్నట్టే రక్తంలోకి తీసుకుని, మిగులును మూత్రంలో వదిలేస్తుంది. రోజూ గుడ్ల కోళ్ల దాణా తింటే మూత్రాశయంలో మడ్డి పేరుకుంటుంది, రాళ్లు ఏర్పడతాయి.

మందులు కలిపిన దాణా మరీ ప్రమాదకరం. కోళ్లలో రక్తపారుడు రాకుండా దాణాలో కలిపే నరాసిన్ వంటి మందులు కుందేలుకు విషం. కోళ్లకు వాడే లింకోమైసిన్ కుందేలు కడుపులోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే కోళ్ల మేత తొట్టి కుందేలుకు అందని చోట ఉండాలి. కుందేలు మేతను కోడి కాస్త తిన్నా పెద్ద నష్టమేమీ లేదు.

కుందేలు తిండిలో అయిదింట నాలుగు వంతులు గడ్డే ఉండాలి. దాని ముందుపళ్లు ఏడాదికి పది సెంటీమీటర్లకు పైగా పెరుగుతాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. పెరట్లో, పొలం గట్ల మీద మొలిచే గరికను కోసి ఎండబెట్టి పెట్టొచ్చు. పురుగుమందు కొట్టిన చేల గట్ల జోలికి మాత్రం పోకూడదు. చేవెళ్ల చుట్టుపక్కల క్యారెట్ విరివిగా పండుతుంది. కుందేలుకు మేలైనది ఆ పంట ఆకే. దుంపలో చక్కెర ఎక్కువ కాబట్టి వారానికి రెండు మూడు చిన్న ముక్కలు చాలు. కొత్తిమీర, పుదీనా కొద్దికొద్దిగా పెట్టొచ్చు. లేత జొన్న మొక్కల్లో సైనైడ్ విషం పుడుతుందని, దాన్ని మేస్తే పశువులకు నాము కొడుతుందని ఇక్కడి రైతులకు తెలుసు. కుందేలుకూ దాన్ని దూరంగానే ఉంచాలి. సుబాబుల్ ఆకు ఎక్కువగా తింటే కుందేలుకు బొచ్చు ఊడుతుంది. విల్లాల చుట్టూ అందం కోసం పెంచే గన్నేరు దానికి ప్రాణాంతకం.

పెంట, దుమ్ము, ఈగలు

కోళ్లు రాత్రి దండెం మీదికెక్కి నిద్రపోతాయి. అవి వేసే పెంటంతా కిందే పడుతుంది. కుందేలు ఉండేది ఆ నేల మీదే. కోడి పైకి ఏ జబ్బూ లేనట్టు కనిపిస్తున్నా దాని పెంటలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు ఉండవచ్చు. ఇటు నుంచి అటు కూడా ప్రమాదం ఉంది. చాలా కుందేళ్ల ముక్కుల్లో ఉండే పాశ్చురెల్లా జాతి సూక్ష్మజీవే కోళ్లలో కలరా తెస్తుంది. అయితే కోళ్ల రక్తపారుడు కుందేలుకు అంటుకుంటుందన్న భయం అక్కర్లేదు. ఆ జబ్బు తెచ్చే పరాన్నజీవుల్లో కోడి రకాలు వేరు, కుందేలు రకాలు వేరు. కొక్కెర తెగులు కూడా పక్షులదే.

కుందేలు ముక్కుతో మాత్రమే ఊపిరి తీసుకుంటుంది. కోళ్లు కెలికే దుమ్ము, తడి పెంట నుంచి వచ్చే ఘాటైన అమోనియా వాయువు దాని ముక్కునూ ఊపిరితిత్తులనూ దెబ్బతీస్తాయి. వానాకాలంలో ఈగల బెడద ఎక్కువవుతుంది. పెంటకు మూగిన ఈగలు కుందేలు వెనుక భాగంలో తడిసిన బొచ్చు మీద గుడ్లు పెడతాయి. ఒక్క రోజులోనే వాటి నుంచి పురుగులు పుట్టి చర్మాన్ని తొలిచేస్తాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా రోజూ ఒకసారి కుందేలును ఎత్తి తోక కింద చూడాలి. పురుగు కనబడితే ఇంటి వైద్యం చేయకుండా పశువైద్యుడికి చూపించాలి. కుక్కల గోమార్లకు వాడే ఫిప్రోనిల్ మందు కుందేలుకు అస్సలు వేయకూడదు, దాంతో చనిపోవచ్చు.

కుందేలుకు తోడు కుందేలే

కోళ్లకు పగలే లోకం. పొద్దుగూకగానే గూడు చేరతాయి. కుందేలు తెల్లవారుజామున, మునిమాపువేళ హుషారుగా ఉంటుంది, పగలు కునుకు తీస్తుంది. కునికే కుందేలు కంటిని పెట్ట ఊరికే పొడిచినా గాయమవుతుంది. పుంజు అయితే కాలి ముల్లుతో తన్నగలదు. అసీల్ పుంజు ఉన్న పెరట్లో కుందేలును స్వేచ్ఛగా వదిలే ఆలోచనే వద్దు.

రాజేంద్రనగర్‌లో 1988లో మొదలై నేడు కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌గా ఉన్న కేంద్ర సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజ, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. గ్రామప్రియ ఏడాదికి సుమారు 200 గుడ్లు పెడుతుంది. కుందేలు తెచ్చే ఉద్దేశం ఉన్న ఇంటికి పుంజు లేకుండా ఇలాంటి పెట్టలు నాలుగైదు ఉంటే చాలు.

యూరప్‌లోని స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాల్లో బొరియల్లో గుంపులుగా బతికిన అడవి కుందేళ్ల సంతతే నేటి పెంపుడు కుందేళ్లు. ఒకదాన్నొకటి నాక్కుంటూ, ఆనుకుని పడుకుంటూ బతకడం వాటి స్వభావం. ఆ లోటు కోళ్లు తీర్చలేవు. రెండు కుందేళ్లను తెస్తే మంచిది. కానీ ఆడా మగా కలిస్తే 31 రోజుల్లో పిల్లలు పుడతాయి, ఈనిన రోజే ఆడది మళ్లీ చూలు కట్టగలదు. చిన్న వయసులో ఏది ఆడదో ఏది మగదో చెప్పడంలో అమ్మేవాళ్లే పొరబడుతుంటారు. అందుకని ముందు పశువైద్యుడికి చూపించి, తగిన వయసు రాగానే సంతాన నిరోధక ఆపరేషన్ చేయించాలి. రాజేంద్రనగర్‌లోనే పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఉండటం ఈ ప్రాంతానికి అనుకూలం.

ఎండ, కుక్కలు, డీజే

కుందేలుకు చెమట పట్టదు. ఒంట్లోని వేడిని పెద్ద చెవుల ద్వారా బయటికి పంపుతుంది. దానికి సుఖమైన వాతావరణం 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. 30 దాటితే ఇబ్బంది పడుతుంది. రంగారెడ్డి జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కింద పెట్టిన కుందేలు ఒక్క మధ్యాహ్నంలోనే వడదెబ్బతో చనిపోవచ్చు. ఆ నెలల్లో పగటిపూట దాన్ని ఇంట్లో, ఫ్యాన్ ఉన్న గదిలో ఉంచడమే క్షేమం. గడ్డకట్టించిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెడితే ఆనుకుని పడుకుంటుంది. చలికి అంత భయం లేదు. పొడిగా, ఎదురుగాలి తగలకుండా ఉంటే చేవెళ్ల చలిరాత్రులను సులువుగా తట్టుకుంటుంది.

శత్రువుల విషయంలో కోడికీ కుందేలుకూ పోలిక ఉంది. వీధికుక్క, పిల్లి, ముంగిస, పాము రెండిటికీ ముప్పే. చెల్లాచెదురైన దాణాకు ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. పల్చటి కోళ్ల జాలీని కుక్క చించగలదు, కుందేలు కొరికేయగలదు. అరంగుళం కన్నాల వెల్డింగు జాలీ వాడి, దాన్ని నేలలోకి ఒక అడుగు దించాలి. అప్పుడు బయటి జంతువు తవ్వి లోపలికి రాలేదు, కుందేలు తవ్వి బయటికి పోలేదు. కుక్క జాలీ అవతల నిలబడి మొరిగినా కుందేలు భయంతోనే చనిపోవచ్చు కాబట్టి, లోపల దాక్కోవడానికి చెక్కపెట్టె తప్పనిసరి. మొయినాబాద్ దారిలో ఫంక్షన్ హాళ్లు ఎక్కువ. పెళ్లిళ్ల సీజన్‌లో డీజేలు మోగే రాత్రులూ దీపావళి రాత్రీ కుందేలును ఇంట్లోకి తెచ్చుకోవాలి.

తెచ్చే ముందు

సాధారణంగా దొరికేది ఎర్రకళ్ల తెల్ల న్యూజిలాండ్ వైట్, బూడిదరంగు సోవియట్ చించిల్లా. ఎనిమిది వారాలు నిండని పిల్లను కొనకూడదు. తల్లిపాలు తొందరగా మాన్పించిన పిల్లలు కడుపుజబ్బులతో పోతాయి. చేవెళ్ల, శంకర్‌పల్లి చేలల్లో దొరికే చెవులపిల్లిని ఇంటికి తెచ్చి పెంచడం చట్టరీత్యా నేరం. అది వేరే జాతి అడవి జంతువు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పిస్తుంది. పైగా బోనులో బతకలేదు.

కొత్త కుందేలును మొదటి రెండు మూడు వారాలు కోళ్లకు దూరంగా ఉంచి ఆరోగ్యం గమనించాలి. తర్వాత జాలీకి అటూ ఇటూ ఉంచి ఒకదాన్నొకటి చూడనివ్వాలి. ఆ తర్వాతే, కోళ్లు కడుపునిండా తిన్నాక, మనిషి దగ్గరుండగా, సాయంత్రం అరగంట పెరట్లో కలిపి వదలవచ్చు. చీకటి పడేసరికి వేటి గూటికి అవి చేరాలి. ఈ పనులన్నిటికీ వానలు వెనకబట్టిన నవంబరు, డిసెంబరు మంచి కాలం. వేసవి వచ్చేలోపు కుందేలుకు ఇల్లు అలవాటవుతుంది.

చక్కగా చూసుకుంటే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. అయిదో తరగతి పిల్ల ముచ్చటపడితే తెచ్చిన కుందేలు ఆ పిల్ల ఇంజనీరింగ్ పూర్తిచేసేనాటికీ ఇంట్లోనే ఉండవచ్చు. అన్నేళ్లూ రోజూ గడ్డి వేసేదెవరు, గూడు శుభ్రం చేసేదెవరు, ఇంటిల్లిపాదీ ఊరెళితే చూసుకునేదెవరు అన్నది కుందేలును కొనడానికి ముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి.