పత్తినోటి పాము

తెలుగునాట చెరువుగట్టున పెరిగినవారికి నీటిపాము అంటే భయం లేదు. వలలో చేపలతో పాటు చిక్కిన నీరుకట్టెను తోక పట్టి గట్టు మీదికి విసరివేయడం అక్కడి పిల్లలకు ఒక ఆట. కరిస్తే నాలుగు నెత్తుటి చుక్కలు, అంతే. నాగుపాముకు, కట్లపాముకు, రక్తపింజరికి భయపడాలి గాని నీటిపాముకు భయపడనక్కరలేదన్నది పెద్దలు చెప్పిన మాట. ఆ మాట అక్కడి చెరువులకు చాలావరకు నిజమే. కాని హ్యూస్టన్ శివార్లలోనో, ఫ్లోరిడాలోనో ఇంటి వెనుక కుంట ఉన్న కుటుంబాలు ఆ ధైర్యంతో నీటి అంచుకు పోరాదు. మనవలను చూడవచ్చిన తాతగారికి ఈ సంగతి ముందుగా చెప్పడం మంచిది.

ఇక్కడి మంచినీటిలో కాటన్‌మౌత్ అనే విషసర్పం ఉంది. వాటర్ మొకాసిన్ అన్నా ఇదే. వర్జీనియా ఆగ్నేయ భాగం నుండి ఫ్లోరిడా మీదుగా టెక్సాస్ వరకు, ఉత్తరాన ఇల్లినాయ్ దక్షిణపు అంచు వరకు చిత్తడినేలలలో, మందగమనపు కాలువలలో నివసిస్తుంది. (ఫ్లోరిడాలోని వాటిని 2015 నుండి పలువురు శాస్త్రజ్ఞులు వేరొక జాతిగా లెక్కిస్తున్నారు.) న్యూజెర్సీవాసులకు ఈ బెడద లేదు. అట్లాంటా పరిసరాలలో కూడా ఇది దాదాపు కానరాదు. అక్కడ జాగ్రత్తపడవలసినది దీని చుట్టమైన కాపర్‌హెడ్ విషయంలో.

ఇది రక్తపింజరి కుటుంబానికి చెందినది. కన్నుకూ ముక్కురంధ్రానికీ నడుమ ఉన్న చిన్న గుంట వేడిని పసిగడుతుంది. చీకటిలో ఎలుక ఎక్కడున్నదీ దానివలన తెలుస్తుంది. ఇది గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. పిల్లపాము తోకకొన పసుపుపచ్చగా ఉంటుంది. దానిని పురుగువలె కదలిస్తే కప్ప ఆశపడి దగ్గరకు వస్తుంది, ఆహారమవుతుంది. పెద్దదయ్యే కొలదీ ఒళ్ళు నల్లబడి, ఆ పసుపు మాయమవుతుంది.

దీని తిండి విచిత్రమైనది. చేపలు, కప్పలు, ఇతర పాములు, చివరకు చచ్చిన ప్రాణుల మాంసం కూడా తింటుంది. ఫ్లోరిడా పడమటి తీరాన సీహార్స్ కీ అనే దీవిలో ఈ పాములు చెట్లక్రింద చేరి, గూళ్ళలోని నీటిపక్షులు జారవిడిచిన చేపలతో కడుపు నింపుకొనేవి. 2015లో పక్షులు ఒక్కసారిగా దీవిని విడిచిపోవడంతో ఆ విందు ముగిసింది.

ఎదురుపడితే ఇది తరచు పారిపోదు. చుట్ట చుట్టుకొని, తోక ఆడిస్తూ నోరు తెరుస్తుంది. లోపల గుంటూరు సీమలో పగిలిన పత్తికాయవలె తెల్లగా ఉంటుంది. పేరు అందువలననే వచ్చింది. ఆ తెలుపు హెచ్చరిక మాత్రమే. మనిషిని వెంటాడి కరుస్తుందన్న ప్రచారాన్ని దక్షిణ కెరొలైనాలోని సవానా రివర్ ఎకాలజీ లాబరేటరీకి చెందిన గిబ్బన్స్, సహచరుడు డోర్కస్‌తో కలిసి పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించారు. ఎదుర్కొన్న 45 పాములలో 23 తప్పించుకోజూచాయి. కృత్రిమహస్తంతో పరీక్షించిన 36 పాములలో దానిని కరిచినవి 13 మాత్రమే.

ఈ ప్రచారం వలన నష్టపోయేవి విషంలేని నెరోడియా నీటిపాములు. కాటన్‌మౌత్ అనుకొని ఎందరో వాటిని చంపుతారు. ఈదేటప్పుడు కాటన్‌మౌత్ ఒళ్ళంతా బెండువలె నీటిపై తేలుతుంది. నెరోడియాకు సాధారణంగా తల మాత్రమే పైకి కనిపిస్తుంది. కంటిపాప నిలువుగా ఉందా గుండ్రంగా ఉందా అని చూడడం మరొక పద్ధతి గాని, అంత దగ్గరకు పోయి చూడడం తెలివైన పని కాదు.

కాటు పడిన చోట తీవ్రమైన నొప్పి, వాపు కలుగుతాయి, కండ దెబ్బతింటుంది. ఉంగరాలు, గాజులు వెంటనే తీసివేయాలి. బిగించి కట్టడం, కోయడం, మంచు పెట్టడం, నోటితో పీల్చడం కూడదు. 911కు ఫోను చేయాలి. సలహాకు పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222. భారతదేశపు విరుగుడుమందు అక్కడి నాలుగు ముఖ్యమైన విషసర్పాల కొరకు తయారైనది, దీనికి పనికిరాదు. ఇక్కడి క్రోఫాబ్ తయారీకి గొర్రెలకు నాలుగు పాముల విషమిచ్చి వాటి రక్తం నుండి ప్రతివిషం తీస్తారు. ఆ నాలుగింటిలో మూడు రాటిల్‌స్నేక్‌లు, నాల్గవది కాటన్‌మౌత్.