నిర్మాణరంగంలో కార్యస్థల భద్రత – సుస్థిరత లక్ష్యాలు: ఉద్దానం ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

నిర్మాణ సంస్థల వార్షిక నివేదికల్లో కార్యస్థల భద్రత ఒక అధ్యాయంగా, సుస్థిరత లక్ష్యాలు మరొక అధ్యాయంగా కనిపిస్తాయి. మొదటిదాన్ని ప్రమాదాల సంఖ్యతోనూ, రెండోదాన్ని కర్బన ఉద్గారాలు, నీటి పొదుపు, నాటిన మొక్కల లెక్కతోనూ కొలవడం ఆనవాయితీ. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీరప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని చూస్తే ఈ విభజన నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వేడి, నీరు, ధూళి, వలస అనే నాలుగు అంశాలూ ఇక్కడి శ్రామికుని దేహంలోనే కలుస్తాయి. ఆ దేహానికి నిదానంగా జరిగే హానిని ప్రస్తుత కొలమానాలు పట్టుకోలేకపోతున్నాయి. భద్రతా సమాచారం ఏ భాషలో, ఏ పదాలతో అందుతుందనేది కూడా భద్రతలో భాగమేనని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ఉద్దానం, నిర్మాణ కార్మికులు, కార్యస్థల భద్రత, సుస్థిరాభివృద్ధి, వలస, మూత్రపిండ వ్యాధి, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం:

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విస్తరించిన కొబ్బరి, జీడిమామిడి తోటల నేల ఉద్దానం. ‘ఉద్యానవనం’ అనే మాట నుంచే ఈ పేరు ఏర్పడిందని ప్రతీతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి ఈ తోటలను నేలకూల్చింది. దానికి ఎంతో ముందునుంచే, కారణం స్పష్టంగా తేలని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధితో ఉద్దానం పేరు దేశవ్యాప్తంగా వినిపిస్తోంది.

నిర్మాణరంగంతో ఈ ప్రాంతానికి రెండు రకాల సంబంధం ఉంది. ఒకటి, ఇక్కడ జరుగుతున్న నిర్మాణం. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా ఏడు మండలాలకు తాగునీరు తెచ్చే పథకం, పలాసలోని మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. టెక్కలికి చేరువలో, సంతబొమ్మాళి మండలం మూలపేట వద్ద ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. రెండోది, ఇక్కడివారు బయటికి వెళ్లి చేస్తున్న నిర్మాణం. విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై నగరాల నుంచి గల్ఫ్ దేశాల దాకా సిక్కోలు శ్రామికులు మేడలు కడుతున్నారు. కాబట్టి ఇక్కడ భద్రత గురించి మాట్లాడటమంటే వచ్చిన సంస్థల గురించీ, వెళ్లిన మనుషుల గురించీ మాట్లాడటమే. ఏ ఒక్క సంస్థ పనితీరునూ తూచడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. సంస్థలు పెట్టుకొనే లక్ష్యాల స్వరూపాన్ని పరిశీలించడమే దీని పరిధి.

2. ‘ప్రమాదం’ – ఒక పదం మోసే భారం:

సంస్కృతంలో ‘ప్రమాద’ శబ్దానికి ఏమరుపాటు అని అర్థం. అమరకోశం దాన్ని అనవధానతకు పర్యాయంగానే చెప్పింది. తెలుగులో ఈ పదం అర్థవిపరిణామం పొంది, అనుకోకుండా జరిగే హానికి పేరైంది. అయినా పాత అర్థం పూర్తిగా పోలేదు. ‘అప్రమత్తంగా ఉండండి’ అని నిర్మాణస్థలాల్లో కనిపించే హెచ్చరికలో అది ఇంకా బతికే ఉంది. హాని జరిగితే ఎవరో ఏమరుపాటుగా ఉన్నారన్న భావన ఆ మాటలోనే ఇమిడి ఉంది. ఆ ‘ఎవరో’ సాధారణంగా పరంజా మీద నిలబడ్డ మనిషే అవుతాడు.

చట్టం దృష్టి ఇందుకు భిన్నం. భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం (1996) సురక్షితమైన కార్యస్థలాన్ని కల్పించే బాధ్యతను యజమానిపై ఉంచింది. 500 లేదా అంతకుమించి కార్మికులున్న చోట భద్రతా సంఘం ఏర్పాటు చేయాలని ఆదేశించింది. ఈ చట్టంతోపాటు మరికొన్ని కార్మిక చట్టాలను కలిపి రూపొందించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి (2020) 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. చట్టాల పేర్లు మారినా, భద్రత శ్రామికుని అప్రమత్తత ఒక్కదానితో సిద్ధించేది కాదన్న మూలసూత్రం మారలేదు.

చెన్నై శివారులోని మౌలివాక్కం ఈ సూత్రానికి విషాదకరమైన నిదర్శనం. 2014 జూన్ 28న అక్కడ నిర్మాణంలో ఉన్న 11 అంతస్తుల భవనం కుప్పకూలి 61 మంది మరణించారు. మృతుల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస వెళ్లినవారు అనేకులు. భవనమే కూలినప్పుడు హెల్మెట్టు ఉన్నా, నడుముకు బెల్టు ఉన్నా ఒకటే. అది పనివారి ఏమరుపాటు కాదు. నేలను పరీక్షించేవారు, నక్షా గీసేవారు, అనుమతి ఇచ్చేవారు, సరుకు కొనేవారు తీసుకొనే నిర్ణయాలన్నీ కలిసే పనివాని ప్రాణాన్ని నిలబెడతాయి. అందుచేత భద్రత భవన రూపకల్పనతోనే మొదలవుతుంది.

3. లక్ష్యాలు, కొలమానాలు:

2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఎనిమిదోది గౌరవప్రదమైన పని, ఆర్థికాభివృద్ధి. అందులోని 8.8 ఉపలక్ష్యం వలస కార్మికులతో సహా శ్రామికులందరికీ సురక్షితమైన పని వాతావరణం ఉండాలంటుంది. అంటే సుస్థిరత అనే భావనలోనే భద్రత ఉంది. 2022 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సురక్షిత, ఆరోగ్యకర పని వాతావరణాన్ని ప్రాథమిక హక్కుల జాబితాలో చేర్చింది. మన దేశంలో సెబీ 2021లో ప్రవేశపెట్టిన బాధ్యత, సుస్థిరత నివేదిక 2022–23 ఆర్థిక సంవత్సరం నుంచి స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన మొదటి 1000 కంపెనీలకు తప్పనిసరి అయింది.

ఆ నివేదికలో భద్రతకు ముఖ్య సూచిక ఒకటుంది. పది లక్షల పనిగంటలకు, పనికి రాలేని స్థితి కలిగించిన గాయాలు ఎన్ని అన్నది దాని లెక్క. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. 500 మంది, రోజుకు 8 గంటలు, 250 రోజులు పనిచేస్తే పది లక్షల గంటలవుతాయి. ఆ ఏడాది ఒకరు నిచ్చెన మీదనుంచి జారి చెయ్యి విరిగి ఇంట్లో ఉంటే సూచిక 1. అదే ఏడాది పది మంది మూత్రపిండాలు కొంత, మరో పది మంది ఊపిరితిత్తులు కొంత దెబ్బతిన్నా, వారు మర్నాడు పనికి వచ్చారు గనుక సూచిక సున్నా. పైగా ‘ప్రమాద రహిత దినాలు’ అని బోర్డు పెట్టి దానికి బహుమతి ముడిపెడితే, చిన్న గాయాన్ని దాచుకొనే ఒత్తిడి మేస్త్రీ మీద, కూలీ మీద పడుతుంది. అప్పుడు సంఖ్య మెరుగుపడినా స్థితి మెరుగుపడదు.

4. నిదానంగా జరిగే హాని – వేడి, నీరు, ధూళి:

ఉద్దానంలో మూత్రపిండ వ్యాధికి ఏకైక కారణం నిర్ధారణ కాలేదు. తాగునీరు, రసాయనాలు, జన్యు అంశాలు, వేడి, శారీరక శ్రమ వంటి పలు కోణాల్లో పరిశోధనలు సాగుతున్నాయి. నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కోత కార్మికుల్లోనూ ఇలాంటి వ్యాధే కనిపించింది. ఎండలో కఠిన శ్రమ, పదేపదే ఒంట్లో నీరు తగ్గిపోవడం అక్కడ ప్రధాన కారణాలుగా చర్చకు వచ్చాయి. దాని నివారణకు నీరు, విశ్రాంతి, నీడ అనే మూడు మాటల కార్యక్రమం రూపొందింది. గల్ఫ్ దేశాల్లో పనిచేసి మూత్రపిండాలు చెడి తిరిగివచ్చిన నేపాల్ యువకుల గురించి కూడా వైద్యులు రాశారు.

ఈ వివరాల్లో నిర్మాణ సంస్థలు గ్రహించవలసిన విషయం సూటిగానే ఉంది. చెమట రూపంలో నీరు, లవణాలు పోయి, తిరిగి అందకపోతే మూత్రపిండాలకు రక్తప్రసరణ తగ్గుతుంది. ఒకరోజు అలా జరిగితే దేహం తేరుకుంటుంది. నెలల తరబడి జరిగితే తేరుకోకపోవచ్చు. ఒంటినొప్పులకు దుకాణంలో కొని వేసుకొనే మాత్రలు ఆ భారాన్ని పెంచుతాయి. ఆడకూలీలకు మరుగుదొడ్డి లేనిచోట వారు నీళ్లు తాగడమే తగ్గించుకొంటారు. కాబట్టి మరుగుదొడ్డి లేకపోవడం అసౌకర్యం మాత్రమే కాదు, ఆరోగ్యానికి ముప్పు. సముద్రతీరంలో గాలిలో తేమ ఎక్కువ కనుక చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఇక్కడ ఉష్ణమాపకం చూపే అంకె ఒక్కటే చాలదు. ఖతార్ 2021లో వేడి, తేమ, ఎండ, గాలి నాలుగింటినీ కలిపి లెక్కించే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఆరుబయట పని ఆపాలని నిబంధన చేసింది. వేసవి నెలల్లో ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు అలాంటి పనిని నిషేధించింది. సిక్కోలు నుంచి వెళ్లిన శ్రామికునికి అక్కడ వర్తించే నియమం అతని సొంత తీరంలో కట్టే గోడకు ఎందుకు వర్తించకూడదన్నది సంస్థలు ఆలోచించవలసిన ప్రశ్న.

ధూళి విషయమూ ఇంతే. టెక్కలి పరిసరాలు గ్రానైటు క్వారీలకు ప్రసిద్ధి. రాయిని కోసేటప్పుడు, తొలిచేటప్పుడు లేచే సన్నని సిలికా రేణువులు ఊపిరితిత్తుల్లో పేరుకొని సిలికోసిస్ కలిగిస్తాయి. ఆ వ్యాధిని నయం చేసే చికిత్స లేదు. ఏళ్ల తరువాత బయటపడి, తరచూ క్షయగా పొరబడే వ్యాధి అది. తడిపి కోయడం, ధూళిని పుట్టినచోటే పీల్చివేసే యంత్రాలు అమర్చడం తెలిసిన నివారణలే. ఓడరేవుకూ, రహదారికీ, భవనానికీ రాయి కావాలి. ఆ రాయి కొట్టినవాడు సంస్థ లెక్కలో లేకపోతే, సంస్థ చెప్పుకొనే ‘సున్నా ప్రమాదాలు’ దాని ఆవరణ గోడ దగ్గరే ఆగిపోతాయి.

సుస్థిరతకూ ఇలాంటి సరిహద్దు సమస్యే ఉంది. నౌపడా చిత్తడినేలలు, పెలికాన్లు వచ్చే తేలినీలాపురం ఈ తీరానికి చెందినవే. 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా సాగిన ఆందోళన పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. చిత్తడినేల, చేపలవేట, సేద్యం తమ జీవనాధారాలన్న స్పృహ ఆ ఆందోళన వెనుక ఉంది. ఇక్కడి ప్రజలకు పర్యావరణం మొక్కలు నాటే కార్యక్రమంగా కాక బతుకుతెరువుగా కనిపిస్తుంది.

5. భద్రత – భాష:

1996 చట్టంలో తాగునీటికి సంబంధించి గమనింపదగిన నిబంధన ఉండేది. నీరు ఉన్నచోట ‘తాగునీరు’ అని అక్కడి కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో రాసి ఉంచాలని అది చెప్పింది. కార్మికునికి ఇచ్చే పాసు పుస్తకంలో వివరాలు హిందీ, ఇంగ్లీషులతోపాటు అతని సొంత భాషలోనూ ఉండాలని అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం (1979) నిర్దేశించింది. అర్థం కాని హెచ్చరిక హెచ్చరికే కాదని మన చట్టాలు ఏనాడో గుర్తించాయన్నమాట.

అయితే తెలుగులో రాస్తే సరిపోతుందా? ‘వ్యక్తిగత రక్షణ పరికరాలు ధరించవలెను’ అన్న వాక్యం తెలుగే. పనిచేసేచోట వినిపించే మాటలు మాత్రం హెల్మెట్టు, బెల్టు, బూట్లు. కొద్దిలో తప్పిన ప్రమాదాలను నమోదు చేయడం భద్రతా నిర్వహణలో కీలకం. ఇటుక పక్కనే పడి బతికి బయటపడ్డవాడు దాన్ని ‘గండం గడిచింది’ అంటాడు. దైవానికి దండం పెట్టుకొని పనిలో పడతాడు. ఆ మాట నమోదు పుస్తకంలోకి ఎక్కదు. గండం ఎలా గడిచిందని అడిగి రాసుకొనే పద్ధతి ఉంటే తరువాతి ఇటుకను ఆపవచ్చు.

తెలుగు పరిశోధకులకు ఇక్కడ ప్రత్యక్ష పాత్ర ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వెలువరించిన వ్యవసాయ వృత్తి పదకోశం, గృహనిర్మాణ పదాలపై బూదరాజు రాధాకృష్ణ చేసిన సేకరణ మనకు మార్గం చూపాయి. కాంక్రీటు, సెంట్రింగు, క్రేను, రెడీమిక్సు కాలపు నిర్మాణ పదజాలాన్ని, ముఖ్యంగా హానిని, అలసటను, భయాన్ని తెలిపే పలుకుబళ్లను అలాగే సేకరించవలసి ఉంది. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి ఈ జిల్లావారే. ఆయన సవరభాష నేర్చి, సవర పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు రాశారు. సరిహద్దు తీరంలో ఒడియా, సవర మాట్లాడేవారూ, దూరం నుంచి హిందీ, బెంగాలీ మాట్లాడుతూ వచ్చేవారూ పక్కపక్కనే పనిచేసే చోట ఆయన చూపిన దారి భద్రతకూ వర్తిస్తుంది.

6. ప్రతిపాదనలు:

పై పరిశీలన ఆధారంగా నిర్మాణ సంస్థల లక్ష్యాల్లో చేరదగిన అంశాలివి.

1. గాయాల సంఖ్యతోపాటు వేడి సూచీ, నీడ, విశ్రాంతి సమయం, తాగునీటి అందుబాటు, మరుగుదొడ్ల సంఖ్య నివేదికలో ఉండాలి. ఇవి హానికి ముందే కొలవగలిగినవి.

2. పనిలో చేరినప్పుడు, వదిలినప్పుడు క్రియాటినిన్, ఊపిరితిత్తుల పరీక్షలు చేయించి, ఫలితాన్ని శ్రామికునికి అతని భాషలో ఇవ్వాలి. మూత్రపిండ వ్యాధి తొలిదశలో లక్షణాలు చూపదు కనుక ఈ పరీక్ష అవసరం. ఆ ఫలితాన్ని పని నిరాకరించేందుకు వాడరాదు. ఆ హామీ లేకపోతే ఉద్దానం అన్న ఊరి పేరే అనర్హతగా మారుతుంది.

3. ఉప గుత్తేదారుల కింద, క్వారీల్లో, రవాణాలో పనిచేసేవారు కూడా లెక్కలోకి రావాలి.

4. ఎండకు పని ఆగిన గంటలకు కూలి కోయకూడదు. కూలి పోతుందన్న భయం ఉంటే నీడలోకి ఎవరూ రారు.

5. గండం గడిచిన సందర్భాలను శ్రామికుల మాటల్లోనే, శిక్ష భయం లేకుండా నమోదు చేయాలి.

7. ముగింపు:

మన పెద్దలు కుశలం అడిగేటప్పుడు ‘యోగక్షేమాలు’ అంటారు. లేనిది పొందడం యోగం, పొందినదాన్ని కాపాడుకోవడం క్షేమం. నీటి పథకం, ఆసుపత్రి, ఓడరేవు ఉద్దానం తీరానికి కలిగిన యోగాలు. వాటిని కట్టే చేతులు, అవి నిలిచే నేల, ఆ నేలను నమ్ముకొన్న బతుకులు చెడకుండా చూడటం క్షేమం. భద్రత, సుస్థిరత అని నివేదికలు వేరుచేసిన రెండు భావనలనూ ఈ ఒక్క మాట కలిపి చెబుతుంది. మూత్రపిండ రోగుల కోసం ఆసుపత్రి కట్టిన కూలీ తన మూత్రపిండాలను పోగొట్టుకోకుండా ఇల్లు చేరడమే ఈ ప్రాంతంలో ఏ సుస్థిరత లక్ష్యానికైనా తొలి పరీక్ష.