భూమి సూర్యునిలో ఎందుకు పడిపోదు?

ఎనిమిదో తరగతిలో నాకొక సందేహం వచ్చింది. సూర్యుడు భూమిని లాగుతుంటే మనం వెళ్ళి అందులో పడిపోవాలి కదా? అడిగితే "ముందు పాఠం బట్టీపట్టు" అన్నారు. ఎం.ఎస్సీ.కి వచ్చాక జవాబు పూర్తిగా అర్థమైంది.

సౌరకుటుంబం మొత్తం ద్రవ్యరాశిలో 99.8 శాతం సూర్యునిదే. అందుకే 15 కోట్ల కిలోమీటర్ల దూరంలోని భూమినీ, 450 కోట్ల కిలోమీటర్ల దూరంలోని నెప్ట్యూన్‌నూ పట్టి ఉంచగలుగుతున్నాడు.

మా నాన్న జొన్నచేలో పిట్టలు తోలడానికి వడిసెల తిప్పేవాడు. తిప్పినంతసేపూ రాయి గుండ్రంగా తిరుగుతుంది. ఒక కొస వదలగానే తిన్నగా దూసుకుపోతుంది. వడిసెల తాడు చేసే పనినే ఇక్కడ గురుత్వాకర్షణ చేస్తుంది. భూమి సెకనుకు 30 కిలోమీటర్లు ముందుకు పరుగెడుతుంది. అదే సెకనులో సూర్యునివైపు పడేది కేవలం 3 మిల్లీమీటర్లు! ఆ కొద్దికొద్ది వంపులన్నీ కలిసి ఏడాదికి ఒక ప్రదక్షిణ అవుతుంది. అంటే భూమి నిత్యం పడుతూనే ఉంది, కానీ ఆ వేగం వల్ల సూర్యుణ్ణి చేరదు. దూరం పెరిగేకొద్దీ ఆకర్షణ తగ్గుతుంది. అందుకే నెప్ట్యూన్ సెకనుకు 5.4 కిలోమీటర్లే కదులుతూ ఒక చుట్టుకు 165 ఏళ్ళు తీసుకుంటుంది. ఈ లెక్కకు ఆధారమైన సూత్రాన్ని న్యూటన్ 1687లో ప్రకటించాడు.

తమ్ముళ్ళూ! మా ఇంట్లో డిగ్రీ చదివింది మొదట నేనే. సందేహం వస్తే అడుగుదామన్నా ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు. మీకు మేమున్నాం. సిగ్గుపడకుండా అడగండి.