పాత తలుపు, పాత రంగు

పండగ వస్తోందంటే ఇంటికి సున్నం వెయ్యాలి. తలుపులకు రంగు వెయ్యాలి. అంతకుముందు పాత మరకలు పోవాలి. చాలా ఇళ్ళల్లో ఈ పని ఆడవాళ్ళదే.

గోడ సంగతి తేలికే. సున్నం పెచ్చులు లేచి ఉంటే ముందు నీళ్ళు చల్లి, తర్వాత రేకుముక్కతో గీకాలి. తడిపితే దుమ్ము లేవదు. వానకు పట్టిన నల్ల పాచికి బ్లీచింగ్ పౌడరు నీళ్ళు పూసి, కాసేపాగి, చీపురుతో రుద్ది కడగాలి. "ఇంకా బాగా పోతుంది" అని కొందరు అందులో యాసిడ్ కూడా పోస్తారు. అలా ఎన్నడూ పొయ్యకూడదు. రెండూ కలిస్తే విషపు గాలి పుడుతుంది. ఊపిరాడదు. ప్రాణం మీదికి వస్తుంది.

తలుపు సంగతి వేరు. పాత ఆయిల్ పెయింట్లలో సీసం కలిపేవారు. సీసం అంటే సీసా కాదు, అదొక లోహం. 2016లో మన ప్రభుత్వం ఒక నియమం చేసింది. దాని ప్రకారం 2017 నవంబరు నుంచి ఇళ్ళ రంగుల్లో పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించి సీసం ఉండరాదు. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉందో లేదో చూస్తే తెలియదు. ఉందనే అనుకోవాలి.

"ఎప్పుడూ ఇలాగే గీకాం, ఏమైంది?" అంటుంది అత్తగారు. పైకి ఏమీ కనపడదు. అదే దీనితో చిక్కు. గీకిన పొడి గడప మీద, నేల మీద పడుతుంది. పాకే బిడ్డ ఆ చేతిని నోట్లో పెట్టుకుంటుంది. పెచ్చు తియ్యగా ఉంటే ఇంకోటి ఏరుకుంటుంది. సీసం బిడ్డ మెదడును దెబ్బతీస్తుంది. జ్వరం రాదు, దగ్గు రాదు. బళ్ళో చదువు ఎక్కదు. "మొద్దు పిల్లాడు" అని వాణ్ణే తిడతారు. గర్భిణి పీల్చినా కడుపులో బిడ్డకు చేరుతుంది.

రంగు గట్టిగా పట్టి ఉంటే అసలు గీకనక్కరలేదు. సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక పైనే కొత్త రంగు వెయ్యొచ్చు. పెచ్చులు లేచినచోట మాత్రం నీళ్ళు చల్లుతూ వాటర్ పేపరుతో రుద్దాలి. మంటపెట్టి కాల్చకూడదు. పొగలోనూ సీసం ఉంటుంది. కింద పాత ప్లాస్టిక్ పట్టా పరవాలి. పిల్లలనూ, గర్భిణులనూ పొరుగింటికి పంపాలి. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా సన్నపొడి ఆగదు. అందుకే తడి ముఖ్యం.

పని అయ్యాక నేలను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. పెచ్చులను మూటగట్టి చెత్తబండిలో వెయ్యాలి. పెంటకుప్పలో వేస్తే చేలోకి పోతాయి. చేతులు కడిగాకే అన్నం ముట్టాలి. పని బట్టలు విడిగా ఉతకాలి. విరిగిన పాత తలుపు చెక్క వంటచెరకుగా పనికిరాదు.

బిడ్డ పెచ్చులు తిన్నాడని అనుమానం వస్తే డాక్టరుకు ఆ మాట విడమరచి చెప్పాలి. ఒంట్లో సీసం ఉంటే రక్తపరీక్షలో తెలుస్తుంది.