ఏ ముద్రణ చదువుతున్నాం?

పుస్తకం పేరు ఒకటే అయితే లోపలి కథలూ ఒకటే అనుకుంటాం. అన్నిసార్లూ అలా ఉండదు. అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత రే బ్రాడ్‌బరీ కథల సంపుటి 'ది మార్షియన్ క్రానికల్స్' ఇందుకు మంచి ఉదాహరణ. మనుషులు రాకెట్లలో అంగారక గ్రహానికి వలస వెళ్ళడం ఇందులోని ఇతివృత్తం.

ఈ సంపుటి 1950లో అమెరికాలో వెలువడింది. 1951లో బ్రిటన్‌లో 'ది సిల్వర్ లోకస్ట్స్' పేరుతో వచ్చినప్పుడు 'అషర్ 2' అనే కథ తీసేసి, 'ది ఫైర్ బెలూన్స్' చేర్చారు. మొదటి ముద్రణలో కథాకాలం 1999 జనవరితో మొదలవుతుంది. ఆ సంవత్సరం దగ్గర పడటంతో 1997 ముద్రణలో తేదీలన్నిటినీ 31 ఏళ్ళు ముందుకు జరిపి, 2030తో మొదలుపెట్టారు.

తేదీలు మారితే పెద్ద నష్టం లేదు. కానీ అదే ముద్రణలో 'వే ఇన్ ది మిడిల్ ఆఫ్ ది ఎయిర్' అనే కథను తొలగించారు. అందులో అమెరికా దక్షిణాది నల్లజాతివారంతా వివక్ష నుంచి బయటపడి అంగారకుడికి బయలుదేరతారు. టీస్ అనే తెల్ల వ్యాపారి, 50 డాలర్ల బాకీ ఉందంటూ బెల్టర్ అనే అతన్ని అడ్డుకుంటాడు. తోటివారు తలా కొంత వేసుకుని ఆ బాకీ తీరుస్తారు. అప్పు పేరుతో మనిషిని కదలనివ్వకపోవడం మన పెద్దలకూ తెలిసిన సంగతే. మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ 1955లో మొదలైంది. ఈ కథ అంతకు 5 ఏళ్ళ ముందే వచ్చింది.

1997 ముద్రణ ఒక్కటే చదివినవారికి ఇలాంటి కథ ఉండేదనే తెలియదు. కాబట్టి మిత్రులారా! గ్రంథాలయంలో పుస్తకం తీసుకోగానే ముద్రణ సంవత్సరం, విషయసూచిక చూడండి. పాత ప్రతి దొరికితే రెండూ పోల్చండి. ఏ కథ పోయిందో, అందులో ఎవరి బతుకు ఉందో గమనించండి.