డివైస్ ట్రీలో చిప్‌కి పేరు ఎలా పెట్టాలి?

మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఏ చిప్ ఎక్కడుందో లైనక్స్ కెర్నల్‌కి చెప్పేది డివైస్ ట్రీ. అందులో ఒక్కో హార్డ్‌వేర్‌కి ఒక నోడ్.

ఒకే ఐ2సీ బస్ మీద రెండు ఈఈప్రామ్ చిప్‌లు ఉన్నాయనుకోండి. నేనైతే ఈఈప్రామ్@50, ఈఈప్రామ్@51 అని రాస్తాను. @ ముందు ఉన్నది చిప్ రకం. మోడల్ నంబర్ అక్కడ వద్దు, దానికి కంపాటిబుల్ అనే లైన్ వేరే ఉంది. @ తర్వాత ఉన్నది హెక్సా అడ్రస్, 0ఎక్స్ లేకుండా.

అదే అడ్రస్ లోపల రెగ్ లైన్‌లోనూ ఉండాలి. కానీ అక్కడ 0ఎక్స్ తప్పనిసరి! ఉత్త 50 అని రాస్తే కంపైలర్ దాన్ని మామూలు యాభై అనుకుంటుంది, అంటే హెక్సాలో 32. కెర్నల్ నమ్మేది రెగ్‌నే, పేరుని కాదు. అది వెళ్లి 32 తలుపు కొడుతుంది, మన చిప్ 50లో ఉంటుంది. ఇంకెక్కడ పలుకుతుంది? అందుకే కంపైలర్ వార్నింగ్ ఇస్తే వదిలేయకండి, చదవండి.